కాలేజీలో చేరాక క్రైస్తవ సహవాసం వెతుక్కోవడం ఎలా: బయలుదేరే ముందు నుంచి మొదటి సెమిస్టర్ చివరి దాకా

కొత్త చోట మంచి సహవాసం ఎలా దొరుకుతుందని ఇల్లు వదిలి కాలేజీకి వెళ్లే పిల్లలు అడుగుతారు, వాళ్ల తల్లిదండ్రులు ఇంకా ఎక్కువ అడుగుతారు. ఏ పని ముందు చేయాలో, ఏది తర్వాతో వరుసగా రాస్తున్నాను.

సహవాసం దొరికితే సగం పనే అయినట్టు. అక్కడ మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు, రాకపోతే ఎందుకు రాలేదని ఆరా తీసేవాళ్లు ఉండటం మిగతా సగం. చాలామంది మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. ప్రతి ఆదివారం వెళ్లి చివరి వరుసలో కూర్చుంటారు, ఆఖరి ఆమెన్ వినగానే బయటపడతారు. ఏడాది గడిచినా అక్కడ ఎవరికీ తెలియరు. అందుకే రెండో సగానికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

## 1. సంఘం వేరు, క్యాంపస్ సహవాసం వేరు

ఈ తేడా తెలియకపోతే వెతుకులాట మొదట్లోనే దారి తప్పుతుంది.

సంఘంలో పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఉంటారు. వాక్యోపదేశం, బాప్తిస్మం, ప్రభువు బల్ల, కాపరి, పెద్దలు అన్నీ అక్కడే. మీరు చదువు ముగించి వెళ్లిపోయినా అది అలాగే నడుస్తుంది.

క్యాంపస్ సహవాసంలో అందరూ విద్యార్థులే. మీ పరీక్షల ఒత్తిడి, హాస్టల్ గొడవ, క్లాసులో ఎదురైన ప్రశ్న వాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. కానీ కొన్నేళ్లలో అక్కడి ముఖాలన్నీ మారిపోతాయి. నిన్నటి జూనియర్ నేటి నాయకుడు. అనుభవం తక్కువ.

రెండూ కావాలి. ఒక్కటే వీలైతే సంఘాన్ని ఎంచుకోమంటాను. తోటి వయసువాళ్లతో మాత్రమే పెరిగిన విశ్వాసం డిగ్రీ చేతికొచ్చాక తడబడుతుంది. ఎందుకంటే ఉద్యోగం, పెళ్లి, జబ్బు, చావు వీటన్నిటి మధ్య నమ్మకం నిలుపుకున్నవాళ్లను అది దగ్గరగా చూడలేదు.

## 2. బయలుదేరే ముందు

అడ్మిషన్ ఖాయమైన రోజు నుంచే ఈ పని మొదలుపెట్టవచ్చు.

మీ కాపరిని పరిచయ లేఖ అడగండి. ఇది పాత పద్ధతే, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. అపొల్లో అకయకు వెళ్లేటప్పుడు అతన్ని చేర్చుకోమని సహోదరులు అక్కడి శిష్యులకు రాశారు (అపొ. కార్య. 18:27). ఫీబే కోసం పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 16:1-2). లేఖలో మీ పేరు, ఎన్నాళ్లుగా సంఘంలో ఉన్నారు, బాప్తిస్మం అయిందా లేదా, ఏ పరిచర్యలో సాయపడ్డారు అనేవి ఉంటే చాలు. ఆ ఊళ్లో తెలిసిన కాపరి ఉంటే ఒక ఫోన్ కూడా చేయమనండి.

మీ సంఘశాఖ జాబితా చూడండి. చాలా శాఖలకు ఊరువారీగా సంఘాల జాబితా ఉంటుంది. కథోలికులైతే ఆ ప్రాంతపు మేత్రాసన (బిషప్) కార్యాలయాన్ని అడిగితే దగ్గరి విచారణ (పారిష్) ఏదో చెబుతారు.

ఆ కాలేజీ సీనియర్ ఒక్కరినైనా పట్టుకోండి. వెబ్‌సైట్లు చెప్పని సంగతులు వాళ్లకు తెలుస్తాయి. కూటం నిజంగా నడుస్తోందా, పేరుకే ఉందా? ఎక్కడ కలుస్తారు? అమ్మాయిలు హాస్టల్ గేటు మూసేలోపు తిరిగి రావడానికి వీలవుతుందా?

మీకు ఏది తప్పనిసరో, ఏది ఉంటే బాగుంటుందో రెండు వరుసల్లో రాసుకోండి. లేఖనాధారమైన బోధ, జవాబుదారీ ఉన్న నాయకత్వం, ప్రతివారం చేరుకోగల దూరం మొదటి వరుసలోకి వస్తాయి. పాటల తీరు, అలవాటైన భాష, యువకుల సంఖ్య రెండో వరుసలోవి. రెండో వరుసను మొదటిదానిలా చూస్తే ఏ సంఘమూ నచ్చదు.

బయలుదేరేలోపు చేతిలో ఉండాల్సినవి:

- పరిచయ లేఖ
- రెండు మూడు సంఘాల చిరునామాలు, ఆరాధన వేళలు
- ఒక సీనియర్ ఫోన్ నంబరు
- మొదటి ఆదివారం ఎక్కడికి వెళ్తారో నిర్ణయం

ఈ చివరిది మరీ ముఖ్యం. అక్కడికి వెళ్లాక చూద్దామనుకుంటే, శనివారం రాత్రి అలసటలో ఆ నిర్ణయం జరగదు.

## 3. క్యాంపస్‌లో ఎక్కడ వెతకాలి

చాలా దేశాల్లో విద్యార్థి సహవాసాలు ఏదో ఒక జాతీయ సంస్థతో కలిసి నడుస్తాయి. 1947లో ఏర్పడిన ఐ.ఎఫ్.ఇ.ఎస్. (ఇంటర్నేషనల్ ఫెలోషిప్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్) అలాంటి జాతీయ సంస్థలను కలిపే ప్రపంచవ్యాప్త సమాఖ్య. భారతదేశంలో యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా), బ్రిటన్‌లో యు.సి.సి.ఎఫ్. (యూనివర్సిటీస్ అండ్ కాలేజెస్ క్రిస్టియన్ ఫెలోషిప్), అమెరికాలో ఇంటర్‌వర్సిటీ దాని కిందివే. కథోలిక విద్యార్థులకు భారతదేశంలో ఐకఫ్ (ఆల్ ఇండియా కాథలిక్ యూనివర్సిటీ ఫెడరేషన్), అమెరికాలో క్యాంపస్‌ల దగ్గర నడిచే న్యూమన్ సెంటర్లు ఉన్నాయి. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ పేరుతో పనిచేసే శాఖలు 1895లో పుట్టిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యకు చెందినవి.

మీ కాలేజీ పేరు చెప్పి ఆ జాతీయ కార్యాలయానికి ఒక ఉత్తరమో మెయిలో రాయండి. అక్కడ కూటం ఉంటే నాయకుల వివరాలు ఇస్తారు, లేకపోతే దగ్గర్లో ఉన్నది చెబుతారు.

విశ్వవిద్యాలయంలో చాప్లిన్ (విద్యార్థుల ఆత్మీయ అవసరాలు చూసే సేవకులు) ఉంటే మొదటి వారంలోనే వెళ్లి కలవండి. విద్యార్థి సంఘాల పరిచయ దినం పెడితే వదలకండి.

కొన్ని కాలేజీలు ప్రాంగణంలో మతపరమైన సమావేశాలకు అనుమతి ఇవ్వవు. అలాంటి చోట నియమం ఏమిటో ముందు తెలుసుకోండి. చాటుగా గదిలో కూటం పెట్టడం కన్నా గేటు దాటి దగ్గరి సంఘంలోనో, ఒక విశ్వాసి ఇంట్లోనో కలవడం అందరికీ క్షేమం.

## 4. మొదటి ఆదివారం

మొదటి ఆదివారమే వెళ్లండి. టైంటేబుల్ ఇంకా బిగుసుకోలేదు, స్నేహాలు ఇంకా గట్టిపడలేదు. ఆ రోజు నిద్రపోతే రెండో ఆదివారం ఇంకా తేలిగ్గా నిద్రపడుతుంది. నెల తిరిగేసరికి ఆదివారమంటే బట్టలు ఉతుక్కునే రోజు అయిపోతుంది.

ఆరాధనకు పది నిమిషాలు ముందు చేరండి, ముగిశాక ఒక పావుగంట ఉండండి. పరిచయాలన్నీ ఆ పావుగంటలోనే జరుగుతాయి. బిడియస్తులకు అది కొండంత కష్టంగా ఉంటుందని తెలుసు. అందుకే చెప్పాల్సిన మాట ముందే అనుకుని వెళ్లండి:

"వందనాలండీ. నేను ఇక్కడి కాలేజీలో ఫస్ట్ ఇయర్‌లో చేరాను. మా పాస్టరు గారు లేఖ ఇచ్చారు. ఎవరికి ఇవ్వాలి?"

చేతిలో లేఖ ఉంటే మాట కలపడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. లేఖ లేకపోతే ఇలా అడగవచ్చు: "అక్కా, ఇక్కడ విద్యార్థులకు వారం మధ్యలో కూటం ఏమైనా ఉందా? ఎవరిని అడగాలి?"

ఆ రోజు లక్ష్యం ఒక్కటే. ఒక్క మనిషి పేరు తెలుసుకుని, వచ్చే వారం ఆ పేరుతో పలకరించడం. అంతకుమించి ఏదీ పెట్టుకోకండి.

## 5. చూసి తేల్చుకోవడం

మూడు సంఘాలకు మించి చూడకండి. ఒక్కోదానికి రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి అతిథి ప్రసంగికులు వచ్చి ఉండవచ్చు, పండుగ ఆరాధన అయి ఉండవచ్చు, మీరే అలసిపోయి ఉండవచ్చు. ఒక్క ఆదివారంతో తీర్పు ఇవ్వడం ఆ సంఘానికీ మీకూ న్యాయం కాదు.

ఏం చూడాలో అపొస్తలుల కార్యములు 2:42 నాలుగు విషయాలుగా చెబుతుంది: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. వాటినే ప్రశ్నలుగా మార్చుకోండి.

- బోధ: ప్రసంగం చదివిన వాక్యభాగం లోంచి వచ్చిందా, లేక వాక్యం చదివి పక్కన పెట్టి వేరే సంగతులు చెప్పారా? యేసు సిలువ, పునరుత్థానం వినిపించాయా, లేక దీవెన, ధనం, విజయం మాత్రమేనా?
- సహవాసం: ఆరాధన అయ్యాక జనం ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా? పేదవాళ్లు, వృద్ధులు, కొత్తవాళ్లు ఒంటరిగా నిలబడి ఉన్నారా?
- ప్రభువు బల్ల: దాన్ని భయభక్తులతో ఆచరిస్తున్నారా? ఎవరు పాల్గొనవచ్చో స్పష్టంగా చెబుతున్నారా?
- ప్రార్థన: తమ సంఘం కోసమేనా, ఊరి కోసం, రోగుల కోసం, తమతో ఏకీభవించనివాళ్ల కోసం కూడానా?

విశ్వాస ప్రకటన ఉంటే చదవండి. త్రిత్వం, క్రీస్తు దైవత్వం, మానవత్వం, ఆయన మరణ పునరుత్థానాల విషయంలో 325లో నైసియాలోనూ 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోనూ రూపుదిద్దుకున్న విశ్వాస ప్రమాణంతో పోల్చి చూడండి. కథోలికులు, ఆర్థడాక్సులు, ప్రొటెస్టంట్లలో అత్యధికులు దాన్ని ఒప్పుకుంటారు. బాప్తిస్మం ఎలా ఇస్తారు, వాయిద్యాలు వాడతారా వంటి భేదాలు వేరు. క్రీస్తు ఎవరు అన్నదే మారిపోతే అది శాఖాభేదం కాదు.

నాయకులను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మర్యాదగా అడగండి, సంకోచించకండి:

- కాపరి ఎవరికి జవాబుదారీ?
- కానుకల లెక్కలు ఎవరు చూస్తారు, సంఘానికి చెబుతారా?
- చిన్న గుంపుల నాయకులను ఎలా ఎంపిక చేస్తారు?
- ఎవరికైనా అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

డబ్బు గురించి అడగడం అవిశ్వాసం కాదు. చందా చేరవేసే విషయంలో ఎవరూ తప్పు పట్టకూడదని పౌలే జాగ్రత్త పడ్డాడు (2 కొరింథీ 8:20-21).

## 6. ప్రమాద సూచనలు

ఈ భాగం తొందరపడకుండా చదవండి. ఇల్లు వదిలి, తోడు లేక, ఎవరైనా పలకరిస్తే బాగుండునని ఎదురుచూసే మొదటి సంవత్సరం విద్యార్థులే నియంత్రించే గుంపులకు తేలిగ్గా దొరుకుతారు. అలాంటి గుంపు మొదట చాలా మంచిగా కనిపిస్తుంది. రోజూ ఫోన్లు, పొగడ్తలు, ఎక్కడికి వెళ్లినా తోడు. ఆప్యాయత తప్పు కాదు. కానీ పరిచయమై వారం తిరగకుండానే మీ సమయమంతా వాళ్లదైపోతుంటే ఆగి చూడండి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బయటి పెద్దమనిషి ఒకరితో మాట్లాడండి:

- సంస్థ పేరు అడిగితే దాటవేస్తారు. "ఉచిత బైబిలు పాఠాలు" అంటారే తప్ప ఎవరు నేర్పుతున్నారో చెప్పరు.
- పాఠాల గురించి ఇంట్లో, పాత సంఘంలో చెప్పొద్దంటారు.
- తమ గుంపులో తప్ప రక్షణ లేదంటారు.
- నాయకుని మాటకు ఎదురు ప్రశ్న వేస్తే తిరుగుబాటు ఆత్మ అంటారు.
- ఎవరితో స్నేహం చేయాలి, ఎవరిని పెళ్లాడాలి, ఏ కోర్సు మానాలి అనేది నాయకుడే నిర్ణయిస్తాడు.
- ఫీజు డబ్బులోంచి, అప్పు తెచ్చి కానుక ఇమ్మంటారు.
- మీ పాపపు ఒప్పుకోలు గుంపులో ప్రచారమవుతుంది, లేదా బెదిరింపుకు పనికొస్తుంది.
- పరిచర్య కోసం పరీక్షలు వదులుకోవడాన్ని భక్తిగా చూపిస్తారు.
- వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడొద్దంటారు.

పౌలు చెప్పినవి నిజమా కాదా అని బెరయ పట్టణంవాళ్లు ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారు. గ్రంథం వాళ్లను తప్పు పట్టలేదు, ఘనులని చెప్పింది (అపొ. కార్య. 17:11). మందపై ప్రభువుల్లా ఉండొద్దని పేతురు పెద్దలకు రాశాడు (1 పేతురు 5:3). సహోదరులను చేర్చుకోనివ్వక, చేర్చుకునేవాళ్లను సంఘం నుంచి వెలివేసిన దియొత్రెఫేను యోహాను పేరు పెట్టి గద్దించాడు (3 యోహాను 9-10). ప్రశ్నలు వేసే హక్కు మీకు వాక్యమే ఇచ్చింది.

బయటపడటం ఎలా? ముందు ఇంట్లోవాళ్లకో, పాత కాపరికో, నమ్మకమున్న అధ్యాపకునికో చెప్పండి. తర్వాత రెండు వాక్యాల సందేశం పంపండి: "నేను ఇకపై రావడం లేదు. దయచేసి నన్ను సంప్రదించవద్దు." చివరిసారి మాట్లాడదాం రమ్మంటే ఒంటరిగా వెళ్లకండి. సర్టిఫికెట్లు, పాస్‌వర్డులు, గది తాళం వాళ్ల దగ్గర ఉంటే ముందే వెనక్కి తీసుకోండి. వాళ్లు మానకపోతే కాలేజీ అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి. లైంగిక వేధింపు, బెదిరింపు, డబ్బు గుంజడం జరిగితే అది సంఘంలో సర్దుకునే విషయం కాదు, పోలీసులకు చెప్పాలి. కాపరి అయినా, యూత్ లీడర్ అయినా ఇందులో మినహాయింపు లేదు.

## 7. ఎంచుకుని పాతుకోవడం

ఆరేడు వారాలు దాటేసరికి ఒక సంఘాన్ని ఎంచుకోండి. అంతకన్నా నాన్చితే చూసేవాళ్లుగానే మిగిలిపోతారు.

ఎంచుకున్నాక వరుసగా నాలుగు పనులు:

1. కాపరిని కలిసి, చదువు అయ్యేదాకా ఇదే నా సంఘం అని చెప్పండి. మీ హాస్టల్, ఇంటి ఫోన్ నంబరు ఇవ్వండి.
2. వారం మధ్యలో జరిగే ఒక చిన్న గుంపులో చేరండి. ఒక్కటే చాలు.
3. ఒక చిన్న పని అడిగి తీసుకోండి. కుర్చీలు సర్దడం, సౌండ్ పెట్టె దగ్గర సాయం, సండే స్కూలులో పెద్ద టీచరుకు తోడు.
4. మీ కన్నా పదేళ్లైనా పెద్దవాళ్లను, అమ్మాయిలైతే ఒక అక్కను, అబ్బాయిలైతే ఒక అన్నను, నెలకోసారి కూర్చోగలరా అని అడగండి.

మూడో పని మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ముఖాముఖి మాట్లాడటం రానివాళ్లకు కూడా పక్కపక్కన నిలబడి కుర్చీలు మడిచేటప్పుడు మాటలు వస్తాయి. పైగా మీరు రాని రోజున ఆ పని ఆగుతుంది కాబట్టి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

అయితే మొదటి సెమిస్టర్‌లో ఒక్క పనికి మించి ఒప్పుకోకండి. క్వైర్, యూత్, సువార్త బృందం అన్నీ ఒకేసారి మీద వేసుకున్నవాళ్లు ఇంటర్నల్స్ దగ్గర కుప్పకూలి, అన్నిటినీ ఒకేసారి వదిలేస్తారు.

నాలుగో పని అడగడానికి మాటలు కావాలంటే: "అన్నా, నెలకోసారి ఓ గంట మీతో కూర్చోవచ్చా? చదువు గురించి, ప్రార్థన గురించి మాట్లాడాలని ఉంది. ఈ సెమిస్టర్ వరకు చూద్దాం." గడువు పెట్టి అడిగితే వాళ్లకు ఒప్పుకోవడం తేలిక. కలిసేటప్పుడు నలుగురికీ కనిపించే చోటే కలవండి.

## 8. క్యాంపస్‌లో కూటమే లేకపోతే

ఇద్దరు చాలు. దానియేలుకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముగ్గురు స్నేహితులకు చెప్పి, ప్రార్థించమని అడిగాడు (దానియేలు 2:17-18). అతను కూడా పరాయి దేశంలో చదువుకుంటూ వచ్చినవాడే.

మొదలుపెట్టే క్రమం:

- ఒక్క తోడును వెతకండి. శాఖ ఏదైనా ఫర్వాలేదు.
- వారం, గంట, చోటు మార్చకుండా పెట్టుకోండి. "వీలున్నప్పుడు" అనుకున్న కూటం మూడో వారానికి ఉండదు.
- నలభై అయిదు నిమిషాలు చాలు. వారం ఎలా గడిచిందో పది నిమిషాలు, వాక్యం ఇరవై, ప్రార్థన పదిహేను.
- మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, వారానికొకటి చదివితే దాదాపు సెమిస్టర్‌కు సరిపోతుంది. నెల రోజులు ప్రయత్నించి చూద్దామంటే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4 అధ్యాయాలే.
- ప్రతి అధ్యాయానికీ మూడు ప్రశ్నలు: ఇక్కడ ఏం జరిగింది? యేసు గురించి ఏం తెలిసింది? ఈ వారం నేను ఏం చేయాలి?
- దగ్గరి కాపరికో, విద్యార్థి సంస్థ కార్యకర్తకో చెప్పి నడపండి. చిక్కు ప్రశ్న వచ్చినప్పుడు అడగడానికి ఒకరుండాలి.

ఇలాంటి చిన్న కూటాలను బోధించాలన్న ఆత్రం ఒక్కటే పాడు చేస్తుంది. ఒకరే గంటసేపు మాట్లాడితే మిగతావాళ్లు రావడం మానేస్తారు. ప్రశ్న అడిగి మౌనంగా ఆగండి. ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుకునే దారి

ఆన్‌లైన్ ఆరాధనతో సరిపెట్టుకోవడం. జబ్బు పడినప్పుడు, పరీక్ష ఆదివారం పడినప్పుడు అది మేలే. కానీ మీకు జ్వరమొస్తే ఆ తెర మందు తెచ్చివ్వదు. వరుసగా రెండు వారాలు తెర ముందే గడిస్తే మూడో వారం ఒకరిని తోడు రమ్మని అడిగి వెళ్లండి.

ఇంటి సంఘంతో పోల్చడం. ఇంటి దగ్గర మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. ఆ దగ్గరతనం ఇక్కడ ఆరు వారాల్లో రాదు. ఒక సెమిస్టర్ గడువు ఇవ్వండి.

సందేహాలు దాచుకోవడం. క్లాసులో విన్న ఒక మాట విశ్వాసాన్ని కదిలిస్తే కూటానికి ముఖం చాటేయడం మొదలవుతుంది. ఆ ప్రశ్నను అలాగే, పదును తగ్గించకుండా, నెలకోసారి కలిసే పెద్దవాళ్ల ముందు పెట్టండి. తెలియకపోతే తెలియదు, కలిసి చదువుదాం అనేవాళ్లను వదులుకోకండి.

మాటపట్టింపుతో మానేయడం. విశ్వాసులూ నొప్పిస్తారు. ముందు ఆ ఒక్క మనిషితోనే, విడిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకువెళ్లాలి. అదీ కుదరకపోతే సంఘానికి చెప్పాలి. మత్తయి 18:15-17 చెప్పే వరుస ఇదే. చాలామంది గ్రూపు చాట్‌లో మూడో మెట్టుతో మొదలుపెడతారు. ఇది సాధారణ గొడవలకు మాత్రమే. వేధింపుకు కాదు.

అన్నిటికీ ప్రార్థన ఒక్కటే చాలనడం. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదనిపిస్తే వెంటనే కాలేజీ కౌన్సెలర్‌ను లేదా డాక్టర్‌ను కలవండి, గుంపులో ఒకరిని తోడు రమ్మనండి. మీ స్నేహితుడు అలా ఉంటే అతన్ని ఒంటరిగా వదలకండి, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. ప్రార్థించండి, డాక్టర్ దగ్గరికీ తీసుకువెళ్లండి.

పరీక్షలప్పుడు మాయమవడం. ఆ మూడు వారాలు కూటాన్ని పావుగంటకు కుదించండి. ఒక కీర్తన, ఒక ప్రార్థన. పూర్తిగా ఆపేసిన కూటాన్ని మళ్లీ నిలబెట్టడం కొత్తది మొదలుపెట్టడం కన్నా కష్టం.

## 10. సెమిస్టర్ చివర చూసుకోవాల్సినవి

సెలవులకు ఇంటికి వెళ్లే ముందు ఓ అరగంట కూర్చుని ఇవి చూసుకోండి.

- సంఘంలో మీ వయసువాళ్లు కానివారు ముగ్గురైనా మీకు పేరుతో తెలుసా?
- మీరు రెండు వారాలు కనపడకపోతే ఫోన్ చేసేవాళ్లు ఉన్నారా?
- మీరు ఎవరికోసం పేరు పెట్టి ప్రార్థిస్తున్నారు?
- ఈ సంఘం గురించి ఇంట్లో దాచిన సంగతి ఏదైనా ఉందా?
- చదువు కుంటుపడిందా? పడితే ఏ పని తగ్గించాలి?

మొదటి రెండింటికీ లేదనే జవాబు వస్తే సంఘాన్ని మార్చకముందు 7వ భాగంలోని నాలుగు పనుల్లో ఏది చేయలేదో చూడండి. చాలాసార్లు చిన్న గుంపులో చేరి ఉండరు. నాలుగూ చేసినా ఎవరూ దగ్గరకు రానివ్వకపోతే, కాపరికి ఆ మాట చెప్పి, సెలవు తీసుకుని, జాబితాలోని రెండో సంఘానికి వెళ్లండి. చెప్పకుండా మాయమవకండి. నాలుగో ప్రశ్నకు ఉందని జవాబు వస్తే 6వ భాగం మళ్లీ చదివి, ఆ రోజే ఇంటికి ఫోన్ చేయండి.

సెలవుల్లో గుంపులోని ఒకరితో వారానికోసారి మాట్లాడండి. తిరిగి వచ్చే తేదీ, మొదటి కూటం తేదీ వెళ్లేముందే ఖాయం చేసుకోండి. కొత్తగా చేరబోయే జూనియర్లెవరైనా తెలిస్తే సంఘం చిరునామా, ఆరాధన వేళ, మీ నంబరు వాళ్లకు ముందే పంపండి. మొదటి ఆదివారం హాస్టల్ గేటు దగ్గర కలుస్తామని చెప్పి, చెప్పిన వేళకు అక్కడ ఉండండి.